ఐసు ఫ్యాక్టరీలో అప్పగింత

ఊరికి ఆసుపత్రి మంజూరైందన్న కబురు వినగానే మంచాన పడ్డవాళ్ళు కూడా లేచి వీధిలోకొచ్చి వాదులాడుకోవడం మొదలుపెట్టారు. ఆసుపత్రి వస్తున్నందుకు ఎవరికీ పేచీ లేదు. ఎక్కడికి రావాలన్నదే పేచీ.

ఉన్నవి రెండే చోట్లు. ఒకటి గుట్ట మీద నీళ్ళ ట్యాంకు పక్కనున్న మైదానం. గాలీ వెలుతురూ ధారాళం, పైకి పోయే రోడ్డు వెడల్పు. రెండోది ఊరి నడుమ ఎప్పుడో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ. అందరికీ దగ్గర, గోడలు మూరెడు మందం, పైకప్పు చెక్కుచెదరలేదు. అయితే అక్కడికి పోవాలంటే బండ్లు, బుట్టలు, వాకిట్లో కుర్చీలేసుకుని కూర్చున్న ముసలివాళ్ళు అడ్డుపడే సందుల్లోంచి పోవాలి.

"శవాలకైతే భేషుగ్గా ఉంటుంది. రోగుల సంగతి నేను చెప్పలేను" అని ఇటుకల వ్యాపారి నవ్వాడు.

నెలాఖరులోగా స్థలం తేల్చకపోతే ఆసుపత్రిని వేరే ఊరికి మారుస్తామని పై ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది. దాంతో ఐదుగురిని కూర్చోబెట్టి కమిటీ అన్నారు. బడి నుంచి రిటైరైన పెద్ద టీచరమ్మ దానికి అధ్యక్షురాలు. ఇటుకల వ్యాపారి, ముసలి కాంపౌండరు, రోగుల్ని పెద్ద పట్నానికి మోసే వ్యాను డ్రైవరు, ఫొటో స్టూడియో ఆయన మిగతా నలుగురు. ఈ చివరాయన్ని ఊరంతా స్టూడియో గారనే పిలుస్తారు. ఎవరితోనూ గొడవపడని మనిషి కదా, రెండు పక్షాల మధ్యా దిండులా పనికొస్తాడని ఆయన్ని వేశారు.

కానీ ఆ ఐదుగురిలో ఆసుపత్రి అవసరం అందరికన్నా ఎక్కువున్నది ఆయనకే. ఆయన భార్యది గుండెజబ్బు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఊపిరాడకపోతే ఇదే డ్రైవరు వ్యానులో పట్నం బయల్దేరారు. దారిలో రైలు గేటు వేసి ఉంది. గూడ్సు బండి తాపీగా, పెట్టె తర్వాత పెట్టె, పోతూనే ఉంది. గేటు లేచేసరికి ఆవిడ లేదు. డ్రైవరు ఇంజను ఆపి, తల మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గేటు కాపలాదారు తన గదిలోంచి కుర్చీ తెచ్చి, స్టూడియో గారి పక్కన వేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు గురించి ఎవరైనా అడిగితే స్టూడియో గారు ముందు ఆ కుర్చీ గురించే చెబుతారు.

ఇప్పుడు కూతురికీ అదే జబ్బు. తల్లి కళ్ళూ తల్లి నోరూ వచ్చినట్టే తల్లి గుండె కవాటమూ వచ్చింది. ఆపరేషన్ చెయ్యాలి గానీ ఇంకా బలం పుంజుకోవాలనీ, ఈలోగా ఆసుపత్రికి దూరంగా ఉండొద్దనీ పట్నం డాక్టరు చెప్పాడు. పెట్టెలో పెట్టి ఇంట్లో దాచుకునే వస్తువా ఆసుపత్రి? అందుకే కమిటీలో చేరమనగానే స్టూడియో గారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

మాటలతో తేలకపోయేసరికి పెద్ద టీచరమ్మ ఓ ఉపాయం చెప్పింది. ఊరి తలో మూల నుంచీ ఒక్కో మనిషిని రోగిలా స్ట్రెచరు మీద పడుకోబెట్టి రెండు చోట్లకీ మోసుకుపోదాం, ఎక్కడికి తొందరగా చేరితే అక్కడే ఆసుపత్రి అంది. రోగులుగా కమిటీవాళ్ళే పడుకోవాలి, ఊళ్ళోవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని కూడా ఆవిడే తీర్మానించింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కాంపౌండరు ఊరుకోలేదు.

"గుమ్మం దాకా తెచ్చి పడేస్తే చేర్చినట్టా? నేను పనిచేసిన పట్నం ఆసుపత్రిలో అలా కుదిరేది కాదండీ. లోపల ఒకరు చెయ్యి పట్టి తీసుకోవాలి. అప్పటిదాకా ఆ మనిషి మీ మనిషే. అప్పగింత టైము కూడా కలపాలి."

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పగింత ఒకటా" అన్నాడు ఇటుకల వ్యాపారి. "తీసుకునేవాడెవడు బావా అక్కడ? గబ్బిలాలా?"

"ఎవరో ఉన్నట్టే అనుకుని వదిలిరావాలి. లెక్కంటే లెక్కే."

పద్ధతి అంటే ప్రాణం పెట్టే టీచరమ్మ కాంపౌండరు మాట సబబన్నది. అలా ఆ ఊళ్ళో తప్ప మరెక్కడా జరగని పని ఒకటి మొదలైంది. రోగిని ఖాళీ చోటికి మోసుకుపోయి, కింద దించి, కాంపౌండరు గొంతు సవరించుకుని "తీసుకోండి" అని గాలితో చెప్పడం, మోసినవాళ్ళంతా బయటికొచ్చి తలుపు మూసి, ఒక టీ తాగేంతసేపు ఆగడం. మొదటిసారి అందరూ పగలబడి నవ్వారు.

తీరా చూస్తే గుట్ట దూరమైనా రోడ్డు మంచిది, ఫ్యాక్టరీ దగ్గరైనా సందులు ఇరుకు. రెంటికీ ఇంచుమించు ఒకటే సమయం పట్టింది. మళ్ళీ మొదటికొచ్చింది వ్యవహారం, ఇక కమిటీ చేతులెత్తి తేల్చుకోవాల్సిందే.

కానీ ఈలోగా మనుషులు మారారు. మొదట కాంపౌండరు పడుకుని వచ్చాడు. అప్పటిదాకా నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ పూటంతా మాట్లాడలేదు. మర్నాడు తన ఓటు ఫ్యాక్టరీకేనన్నాడు. డ్రైవరుదీ అదే వరస. ఇటుకల వ్యాపారిని మోయడానికి ఇంకో ఇద్దరు కావలసి వచ్చారు, దారంతా జోకులే. లోపలి నుంచి లేచి వచ్చాక మాత్రం జోకులు ఆగిపోయాయి. ఇంటికి పోయి, పడక గదిలో నిద్రపోతున్న మనవరాలి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. గుట్ట తప్ప ఇంకోచోటు వద్దని గట్టిగా చెప్పేశాడు. పెద్ద టీచరమ్మ స్ట్రెచరు దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "ఇక్కడొద్దు" అని ఒకే మాట అంది.

రెండు రెండు ఓట్లు. దిండు మీద పడింది భారమంతా.

స్టూడియో గారి వంతు వచ్చింది. గుట్ట మీద పడుకుంటే ఆకాశం, గాలి, ట్యాంకు కింద ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు. హాయిగా అనిపించింది. చిన్న కునుకు కూడా పట్టింది.

ఆ సాయంత్రమే, ఇంకా ఎండ ఉండగానే, ఐసు ఫ్యాక్టరీకి తీసుకుపోయారు. పొడుగాటి హాలు. ఒకప్పుడు ఐసు డబ్బాలు దించిన గుంటల మీద చెక్కమూతలు వరసగా పరిచి ఉన్నాయి. పైన కమ్మీకి గొలుసులు వేలాడుతున్నాయి. గోడల్లో చలవ పోకుండా కూరిన పొట్టు నానిన వాసన, ఆ వెనకాల ముక్కు లోపల గుచ్చే మందు వాసన లాంటిదేదో. యంత్రాలు ఆగి ఏళ్ళయినా నేల ఇంకా చల్లగానే ఉంది. చెక్కమూతల మీద స్ట్రెచరు దించారు.

"తీసుకోండి" అన్నాడు కాంపౌండరు. ఈసారి ఆ మాటలో వేళాకోళం లేదు. ఎవరో ఎదురుగా ఉన్నట్టు కాస్త తల వంచి మరీ అన్నాడు.

లావాటి తలుపు మూసుకుంది. వీధి చప్పుళ్ళన్నీ కత్తిరించినట్టు ఆగిపోయాయి.

ముందు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరంగా చక్రం ఒకటి కిర్రుమంది. నూనె వెయ్యని తోపుడుబండి చక్రం. స్టీలు పళ్ళెంలో ఏదో పెట్టిన చప్పుడు. ఎవరో గొంతులో దగ్గుని అణుచుకున్నారు. స్టూడియో గారు కళ్ళు తెరిచి చూశారు. చెక్కమూతలు, గొలుసులు, పైన అద్దాల కిటికీలోంచి పడుతున్న పలచటి ఎండ. అంతే. కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఆ చప్పుళ్ళు. రబ్బరు చెప్పుల అడుగులు ఆయన పక్కనుంచి నడిచిపోయి, గుమ్మం దగ్గర ఆగాయి.

"పిట్ట తాలూకు ఎవరండీ?"

ఆడమనిషి గొంతు. భయపెట్టే గొంతు కాదు, దయ్యం గొంతు కాదు. పొద్దుటి నుంచీ నిలబడే ఉండి, ఇంకా బోలెడు పని మిగిలిన మనిషి గొంతు.

"పిట్ట తాలూకు ఎవరండీ? ఇలా రండి."

పిట్ట అన్నది కూతురి ముద్దుపేరు. పురిటి మంచం మీద భార్య పెట్టింది. ఆ పేరు ఇంట్లో ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియదు. ఇప్పుడా ముగ్గురిలోనూ మిగిలింది ఇద్దరే.

తలుపు తెరిచేసరికి స్టూడియో గారు స్ట్రెచరు మీద లేచి కూర్చుని ఉన్నారు. డ్రైవరు చెయ్యందించి, ఆయన ముఖం చూశాడు. తన ఫ్లాస్కులోంచి వేడి టీ వంచి ఇచ్చాడు.

మర్నాడు పెద్ద టీచరమ్మ స్టూడియోకి వచ్చింది. పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలంది. ఆయన బల్ల మీద కూర్చోబెట్టి లైట్లు సర్దారు.

"గడ్డం కాస్త కిందికి దించండి మేడం గారూ. భుజాలు వదులుగా పెట్టండి."

"స్టూడియో గారూ, అక్కడ మీకు ఎవరి పేరు వినపడింది?"

ఆయన కెమెరా వెనకాలే ఉండిపోయారు. "మా అమ్మాయిది" అన్నారు చివరికి. "మీకో?"

"మా ఆయనది. అసలు పేరు కాదు. వాళ్ళమ్మ ఆయన్ని 'చంటోడా' అనేదిట. ఆవిడ పోయి ముప్పై ఏళ్ళు దాటింది. 'చంటోడి తాలూకు ఎవరు' అని పిలిచింది ఆ మనిషి. మనిషో ఏదో." ఆవిడ భుజాలు మళ్ళీ బిగుసుకున్నాయి. "ఆయనకిప్పుడు ఏ జబ్బూ లేదు. పొద్దున్నే నాతో దెబ్బలాడి మరీ నడకకి వెళ్ళాడు."

"కంపు కొట్టే పాత గోడలండీ. మన మనసులో ఉన్నదే మనకి వినిపిస్తుంది."

"మీరు నమ్మి అంటున్నారా ఆ మాట?"

ఆయన లైటు కాస్త పక్కకి జరిపారు.

"అక్కడ కడితే ఏదో ఒకనాడు ఆ పిలుపు నిజంగానే వస్తుంది" అంది టీచరమ్మ. "నేను ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాను. ఎందుకు పిలిచిందో ఏం చెబుతుందో. గుట్ట మీద ఎవరూ ఎవర్నీ పిలవలేదు కదా. అక్కడే కట్టుకుందాం. మీ అమ్మాయి కోసమైనా చెయ్యి గుట్టకే ఎత్తండి."

ఫొటో తీశారు. ఆవిడ కళ్ళు మూసుకుపోయాయి. మళ్ళీ తీశారు. మళ్ళీ మూసుకుపోయాయి. "పోనీలెండి, కళ్ళు మూసుకున్న ఫొటోలో నేనే బాగుంటాను" అని లేచింది.

స్టూడియో గారికి ఆవిడ మాట నచ్చింది. నచ్చడం కాదు, ఊరటనిచ్చింది. గుట్టకే చెయ్యెత్తాలని నిశ్చయించుకుని ఇంటికి పోయారు. కానీ ఆ తర్వాత రెండు రోజులూ కూతురు బిందె ఎత్తితే అందుకోవడం, మెట్టు దిగితే వెనకాల నిలబడటం, దగ్గితే గుమ్మంలోకి రావడం. కాలు గాలిన పిల్లిలా తిరుగుతుంటే ఆ పిల్ల గమనించదా?

"నాన్నా, నన్నెందుకలా చూస్తున్నావు, వెలుతురుకి పట్టి నెగెటివ్ చూసినట్టు?"

"ఏం లేదమ్మా."

"అమ్మ పోయాక నీకు అబద్ధాలాడటం చేతకాకుండా పోయింది. చెప్పు."

చెప్పారు. చెప్పాక నవ్వుతుందనుకున్నారు. నవ్వలేదు. కుట్టుపని పక్కన పెట్టి చేతుల వంక చూసుకుంది.

"అయితే నేనూ పడుకుంటా అక్కడ."

"వద్దు."

"నా గురించి పిలిస్తే నేను వినకూడదా? గుండె నాది, పేరు నాది. మీ కమిటీది స్ట్రెచరు ఒక్కటే."

ఆ పిల్ల పట్టుబడితే దేవుడు కూడా పక్కకి తప్పుకోవాలని భార్య అంటుండేది. డ్రైవరు వ్యాను తెచ్చాడు. కాంపౌండరు వచ్చి నాడి చూసి, పడుకోవడానికేం పరవాలేదన్నాడు. అసలైన రోగిని మోసుకుపోతే అదే సరైన పరీక్ష అవుతుందని టీచరమ్మ ఒప్పుకుంది గానీ, స్ట్రెచరు ఫ్యాక్టరీ గడప దాటుతున్నప్పుడు ముఖం తిప్పేసుకుంది. తలవైపు తండ్రి పట్టుకున్నారు. కాళ్ళవైపు డ్రైవరు.

"మెల్లిగా నాన్నా, నేను ఇటుకల తట్టని కాను" అంది కూతురు. ఇటుకల వ్యాపారి నవ్వబోయి మానుకున్నాడు.

దించారు. కాంపౌండరు తల వంచాడు. "తీసుకోండి" అన్నాడు, స్ట్రెచరు కర్ర వదలకుండానే. తర్వాత చెయ్యి తీశాడు.

బయట వీధిలో మామూలు మధ్యాహ్నం. ఎవరో చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నారు. ఒక రేడియోలో వార్తలు. స్టూడియో గారు తలుపుకి చెవి ఆనించారు. మూరెడు మందం గోడలు, అంత లావు తలుపు. ఏమీ వినపడలేదు. ఆ ఏమీ వినపడకపోవడం ఆయనకి ధైర్యం ఇచ్చింది. చూశావా, ఏమీ లేదు, అనుకున్నారు.

తలుపు తెరిచారు. కూతురు లేచి కూర్చుని, తన ఎడమ మణికట్టుని కుడి చేత్తో పట్టుకుని ఉంది. ముఖంలో భయం లేదు. కోపం ఉంది, చిన్నప్పుడు బడి వదిలాక తండ్రి రావడం ఆలస్యమైతే వచ్చేలాంటి కోపం.

"రాలేదేం నాన్నా?"

"ఎక్కడికమ్మా?"

"నా చెయ్యి పట్టుకుని చూసింది. చల్లటి చెయ్యి, కానీ మెత్తగా పట్టుకుంది. 'కాస్త ఓపిక పట్టమ్మా, మీవాళ్ళని పిలుస్తాను' అంది. గుమ్మం దాకా వెళ్ళి పిలిచింది. ఎన్నిసార్లు పిలిచిందో. తర్వాత వెనక్కొచ్చి, 'ఎవరూ లేరేమోనమ్మా' అని ఇంకో మంచం వైపు వెళ్ళిపోయింది." కూతురు మణికట్టు నులుముకుంది. "ఉన్నారని చెప్పాను. వినలేదు."

స్టూడియో గారు ఆమె పక్కన చెక్కమూత మీద కూలబడ్డారు. కూతురి మణికట్టు తాకి చూశారు. మధ్యాహ్నపు ఉక్కలో, ఒక పట్టీ చుట్టినంత మేర, చర్మం ఐసు తాకినట్టు చల్లగా ఉంది.

నెలాఖరు రోజున ఫ్యాక్టరీ ముందుగదిలోనే కమిటీ కూర్చుంది. పాత బల్ల, ఐదు కుర్చీలు, ఒకటి కాలు విరిగినది. అది ఇటుకల వ్యాపారికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"గుట్టకి" అంది టీచరమ్మ. ఆవిడ చెయ్యి, ఇటుకల వ్యాపారి చెయ్యి లేచాయి.

"ఫ్యాక్టరీకి." కాంపౌండరు, డ్రైవరు.

అందరూ స్టూడియో గారి వైపు చూశారు. ఆయన చెయ్యెత్తే ముందు టీచరమ్మతో నెమ్మదిగా అన్నారు.

"మేడం గారూ, మా ఆవిడ అప్పుడు నన్నెవరూ పిలవలేదండీ. పిలవడానికి ముందు ఆవిడ ఎక్కడికో ఒకచోటికి చేరాలి కదా. చేరలేదు. గేటు దగ్గర గూడ్సు బండి చూస్తూ నిలబడ్డాను. మా తాలూకు ఎవరని అడిగేవాళ్ళే లేకపోయారు."

"ఆ పిలుపు మంచికో చెడుకో మీకు తెలుసా?" అంది ఆవిడ.

"తెలీదండీ."

"తెలీకుండానే?"

"తెలీకుండానే. గుట్ట మీద నాకు హాయిగా నిద్రపట్టింది. ఆ హాయి చూస్తేనే ఇప్పుడు భయంగా ఉంది." ఆయన చెయ్యెత్తారు. "ఫ్యాక్టరీకి."

డ్రైవరు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పెద్ద టీచరమ్మ తన చెయ్యి దించింది. తర్వాత, బడిలో పరీక్షా ఫలితాలు చదివినప్పటి గొంతుతో, ఏ మాటా తడబడకుండా, "ఆసుపత్రి ఇక్కడే కట్టాలని కమిటీ నిర్ణయించింది" అని ప్రకటించింది. ఇటుకల వ్యాపారి కారణం ఏమని రాయాలని అడిగాడు. "అందరికీ దగ్గర అని రాయండి" అంది.

అందరూ బయటికి పోయారు. స్టూడియో గారు మాత్రం లోపలి తలుపు తోసుకుని హాల్లోకి వెళ్ళారు. తలుపు ఆయన మూయలేదు, అదే మెల్లిగా మూసుకుంది. గుమ్మం దగ్గరే, లోపలివైపు, తాలూకు వాళ్ళు నిలబడే చోట నిలబడ్డారు. పొట్టు వాసన. గొలుసులు కదల్లేదు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. రాదేమో, కూతురు విన్న పిలుపే ఆఖరి పిలుపేమో అనుకున్నారు.

చక్రం కిర్రుమంది. రబ్బరు చెప్పుల అడుగులు దగ్గరికొచ్చాయి.

"పిట్ట తాలూకు ఎవరండీ?"

"నేనండీ" అన్నారు స్టూడియో గారు. మళ్ళీ కాస్త గట్టిగా అన్నారు. "వాళ్ళ నాన్నని. ఇక్కడే ఉన్నాను."

అడుగులు ఆగాయి. ఆయన ముఖం మీదికి చల్లటి గాలి వచ్చి నిలిచింది. ఎవరో తలెత్తి ఆయన్ని పరకాయించి చూస్తున్నట్టు. స్టీలు పళ్ళెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారిన చప్పుడు.

"అమ్మయ్య, వచ్చారా" అంది ఆ గొంతు. "అలా కూర్చోండి. పిలుస్తాం."

అడుగులు దూరమయ్యాయి.

ఆయన గోడవారగా ఉన్న సిమెంటు దిమ్మె మీద కూర్చున్నారు. ఎందుకు పిలుస్తారో, ఎప్పుడు పిలుస్తారో చెప్పలేదు. అడగాలనీ అనిపించలేదు. కూర్చోమన్నారు. అది చాలనిపించింది.

కొంతసేపటికి తలుపు కదిలింది. పెద్ద టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఒంటరిగా. ముఖం పాలిపోయింది గానీ కాళ్ళు వెనక్కి పోలేదు.

"కూర్చోమన్నారా?" అని అడిగింది.

"అవునండీ."

ఆవిడ వచ్చి, చీర చెంగుతో దిమ్మె మీద దుమ్ము దులిపి, ఆయన పక్కన కూర్చుంది. చీకటి మూలల్లోకి ఒకసారి చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"కాస్త అటు జరగండి స్టూడియో గారూ" అంది. "మన వెనకాల ఇంకా వస్తారు."